ఊదకమ్మా, తుడువు

మే 9

పనిచోట భోజనాల గదిలో టానీ తన ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి, "జాస్, ఇది మీ వంటిల్లు కాదూ?" అంది.

మాదే. పసుపుపచ్చ బల్ల. పొయ్యి మీద మూతి సొట్టపోయిన కెటిల్. కిటికీలోంచి కాగితం మిల్లు గొట్టం, మిల్లు పోయి ఇన్నేళ్ళయినా. పాత వీడియో గేముల్లో ఉండే ముతక చుక్కల బొమ్మే, అయినా గది అవతలి నుంచి చూసినా గుర్తుపడతాను. పొయ్యి పక్కన ఆకుపచ్చ ఊలు టోపీలో కెల్విన్. నా తమ్ముడు.

"ఎక్కడ దొరికింది నీకిది?"

"అందరూ చూస్తున్నారుగా. ఆగు, అసలుది ఇప్పుడొస్తుంది."

వచ్చింది. ఆడేవాడు నడిపిస్తున్న, లాంతరు పట్టుకున్న నక్క తలుపు దాకా వెళ్ళింది. తలుపు కింద నుంచి నీళ్ళు. పాట నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఎవరో దాని గొంతు పిసికినట్టయింది. నక్క వెనక్కి తిరిగేసరికి పొయ్యి దగ్గర కెల్ లేడు. నీళ్ళలోంచి లేచాడు. టోపీ ఉంది. టోపీ కింద కళ్ళు లేవు. తెర మూలన హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవాడెవడో కెవ్వుమని, కుర్చీలోంచి పడి, లేచి పకపకా నవ్వాడు. బాగా సాధన చేసిన పడడం.

పైన ఎర్రటి అక్షరాలు: నిజంగా మునిగి చచ్చిపోయిన మనిషి ఆట.

చూసినవాళ్ళ లెక్క మా టాస్మేనియా జనాభాను ఎప్పుడో దాటేసింది.

టానీ మొహం పాలిపోయింది. "నీకు తెలుసనుకున్నా, జాస్. ఒట్టు."

"చేసినవాడి పేరుందా?"

"ఉప్పుకాకి అట. అదేం పేరో!"

అది ట్రెంట్ గాఫ్నీ ఆటల్లో పెట్టుకున్న పేరు. కెల్ స్నేహితుడు. కెల్ శవపెట్టెకు ముందువైపు ఎడమ పిడి పట్టుకున్నవాడు.

మే 10

అమ్మకు చెప్పలేదు. చెప్పను.

ఇవాళ కూడా మధ్యాహ్నం భోజనం కాగానే టీవీ కింద నుంచి ఆ పాత ఆటపెట్టె లాగింది. క్యాసెట్ బయటకు తీసి, వేడి సూపు ఊదినట్టు దాని అంచు మీద రెండుసార్లు ఊదింది. ఎనభై రెండేళ్ళ మనిషి, ఈ ఒక్క పనికి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఆ తరం ఆటలు ఆడినవాళ్ళందరిదీ ఇదే జబ్బు: ఆట రాకపోతే ఊదు. ఉమ్మి తగిలి లోపలి ఇత్తడి పళ్ళు తుప్పు పడతాయని కెల్ నెత్తీనోరూ కొట్టుకునేవాడు. వింటేనా?

అందుకే ఆ మాటను ఆటలోనూ పెట్టాడు. మా చిన్నప్పుడు క్రిస్మస్‌కు నాన్న కొనిచ్చిన లాంతరు నక్క ఆటను విప్పి, ఆరు చలికాలాలు కూర్చుని, మంచుకొండను మా వీధిగా మార్చాడు. మిల్లు మూసేశాక వాడికి చలికాలాలు తప్ప మిగిలిందేమిటి? రాక్షసుల బదులు చెత్తడబ్బాలు, గబ్బిలాల బదులు నెత్తిన పొడిచే మ్యాగ్‌పై పిట్టలు. రాజుగారి బదులు చేపల కొట్టు ఆవిడ. అంతా నవ్వులాట. దాన్ని అమ్మ కోసం ఒక క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆట మా వంటింట్లో మొదలవుతుంది. నక్కను నడిపించుకుంటూ వెళ్ళి బటన్ నొక్కితే కెల్ మాట్లాడతాడు. మూడే మాటలు.

ఊదకమ్మా, తుడువు.

టీ పెట్టమంటావా?

బయట గాలి జోరుగా ఉంది, ఇక్కడే కూర్చో.

అమ్మ మళ్ళీ నొక్కుతుంది. మళ్ళీ అవే మూడు. అరగంటసేపు. ఒక్కనాడూ తలుపు దాటలేదు. వీధంతా చూడమ్మా, ఎంత కష్టపడ్డాడో అంటే, "వీధి నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉందిగా పిల్లా, వాడు కదా కనిపించనిది" అంటుంది.

రాళ్ళ మీద చేపలు పడుతుంటే వాణ్ణి అల లాక్కుపోయింది. రెండు చలికాలాలయింది.

మే 12

నిన్నా ఇవాళా ఈ జాతి ఆటలు వరసపెట్టి చూశాను. నాకు తెలియకపోవడం నా తప్పే, ఇది పెద్ద పరిశ్రమ. చిన్నపిల్లలు ముద్దుగా ఆడుకున్న పాత ఆటను తీసుకుంటారు. రంగులు తిరగేస్తారు, పాటను ఈడుస్తారు, నవ్వే బొమ్మకు కళ్ళు పీకేస్తారు. పాత సామాన్ల సంతలో కొన్న క్యాసెట్‌లో చచ్చిపోయిన పిల్లాడు దాచుకున్న ఆట ఉందని ఒక కథ తగిలిస్తారు. అన్నిటికీ అదే కథ.

ఒక సంగతి గమనించాను. చచ్చినవాడు ఎప్పుడూ అద్దె ఇంట్లోనే చస్తాడు. రేకుల షెడ్డు, ట్రెయిలర్ ఇల్లు, తాగుబోతు తండ్రి, పెచ్చులూడిన వంటిల్లు. డైరెక్టర్ల మీటింగు గదిలో దయ్యాన్ని పెట్టినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. భయమంటే వీళ్ళకు పేదవాడి ఇల్లు. ఒకే ఒక్క ఆయా ఒక అంతస్తు ముసలివాళ్ళందరినీ చూసుకునే మా ఆశ్రమం ఆదివారం షిఫ్టు మీద చెయ్యండయ్యా ఒక ఆట! గుడ్డల్లో పోసుకుంటారు.

దీని మీద యూనియన్ పత్రికలో నా శీర్షికకు రాయాలి. రాస్తే అమ్మ చదువుతుంది. రాయకూడదు.

మే 14

ట్రెంట్ ఇంటికి అల్వర్‌స్టన్ వెళ్ళాను. ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ గరాజ్‌లోనే కాపురం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, వాటేసుకోబోయాడు.

"ముట్టుకోకు నన్ను."

"చూసేశావన్నమాట."

"లోకమంతా చూసింది. నేను చివర."

దారిలో నాకోసం కొనుక్కున్న పై రొట్టె, లోపల స్కాలప్ గుల్లల కూర కూరినది, చేతిలోనే చల్లారుతోంది. వాడు దాని వంక చూశాడు. ఇవ్వలేదు.

"అది వాడికి నివాళి, జాస్," అన్నాడు. "ఆటలు మార్చే మావాళ్ళలో ఎవడైనా పోతే మేం ఇదే చేస్తాం. చర్చికి పోయి పాటలు పాడే మొహాలా మావి? ఆటలో ఉంచుతాం."

"కళ్ళు పీకేసి ఉంచుతారా?"

"వాడి వీధి ఆటను ఎంతమంది ఆడారో తెలుసా నీకు? నేను, మీ అమ్మ, ఇంకో పదిమంది. ఆరేళ్ళు చేశాడు! ఎవడూ పట్టించుకోలేదు. ఇప్పుడు కెల్విన్ టాట్నెల్ పేరు బ్రెజిల్‌లో తెలుసు."

"మునిగిపోయినవాడిగా తెలుసు."

"మునిగిపోయాడుగా."

కొట్టాను. ఆ రొట్టె ఉన్న చేత్తోనే కొట్టాను. వాడి గడ్డానికి అంటుకున్న పసుప్పచ్చ గ్రేవీని వాడు తుడుచుకోను కూడా లేదు, అలాగే మాట్లాడాడు. ఆ వంటింటి గదిని తను ముట్టుకోలేదట. కెల్ చేసింది చేసినట్టే ఉంచాడట, మాటలు కూడా అవేనట. భయమంతా తలుపు దగ్గర మొదలవుతుందట. "'బయట గాలి జోరుగా ఉంది, ఇక్కడే కూర్చో.' ఆ మాటకు ఎంతమంది వణికారో! వాడు రాసిన మాటే, జాస్. నేనొక్క అక్షరం మార్చలేదు." చెబుతుంటే వాడి కళ్ళు మెరిశాయి. "ఇంకా ఎవడూ కనిపెట్టనిది కూడా ఒకటి దాచాను అందులో. మేమంతా దాస్తాం అలా. పిచ్చివాడికి తప్ప దొరక్కూడదు, అదీ పందెం."

"తీసెయ్ ఆ ఆటను."

"ఎక్కణ్ణుంచి తీసేది? మేం ఆటను పంచం, మార్పుల్ని మాత్రం చిన్న అతుకులాగా పంచుతాం. ఎవరి ఆటకు వాళ్ళు వేసుకుంటారు. వెయ్యి ఇళ్ళల్లో ఉందిప్పుడు. అది నాది కాదు, జనానిది."

జనం! ఆ మాట వాడి నోట వినడానికా నేను ముప్ఫై ఏళ్ళు జెండా మోసింది?

మే 15

ఆ పై రొట్టెను మాత్రం పడేయకుండా ఉండాల్సింది. ఆకలేసింది తర్వాత.

మే 19

నక్క ఆట కంపెనీకి రాశాను.

ఇక్కడ నాతో నేను వాదించుకోవాలి, ఇంకెవరితో వాదిస్తాను కనుక. నాలుగేళ్ళ కిందట ఇదే కంపెనీ, నక్క బొమ్మ తనదే గనక నక్కను ప్రేమించే హక్కు కూడా తనదేనన్నట్టు అభిమానుల మీద లాయర్లను తోలినప్పుడు, నేను శీర్షికలో ఉతికేశాను. "బొమ్మకు యజమాని ఉండొచ్చు, బాల్యానికి ఉండడు" అని రాశాను. కెల్ దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు. అంతా నిజమే. ఇప్పటికీ ఒక్క మాటా వెనక్కి తీసుకోను.

కానీ ముల్లును ముల్లుతోనే తియ్యాలి. దొర చేతి కర్ర దొర వీపు మీదే పడనక్కర్లేదు, ఎవడి వీపు దురదపెడితే వాడి మీద పడుతుంది. నేను అడిగింది ఒక్క ఆట గురించి. ఒక్కటే. ఆట పేరు, చేసినవాడి పేరు, అది ఉన్న చోటు, అన్నీ విడమరిచి రాశాను. అభిమానులు తమ మార్పులన్నీ నెట్‌లో దాచుకునే గిడ్డంగిలో ఉందని రాశాను. గిడ్డంగి గురించి ఇంకేమీ రాయలేదు.

మే 24

జవాబొచ్చింది. ఇంత తొందరగా మా ఆశ్రమం యాజమాన్యం నాకు ఎప్పుడూ జవాబివ్వలేదు. "మీ దుఃఖాన్ని మేము గౌరవిస్తున్నాము." మెల్‌బోర్న్‌లో ఉన్న వాళ్ళ లాయరమ్మ ఫోన్ కూడా చేసింది. మృదువుగా మాట్లాడింది.

"మీ తమ్ముడుగారి అసలు రచన ఏ రూపంలోనైనా మీ దగ్గర ఉందా? పోల్చి చూడటానికి చాలా ఉపయోగపడుతుందండీ."

అసలు రచన అంది. మా కెల్ చేసినదాన్ని రచన అన్న మొదటి మనిషి.

"ఉంది," అన్నాను.

మే 25

అమ్మతో చెప్పాను: "క్యాసెట్ ఇలా ఇవ్వు, నా స్నేహితుడొకడితో శుభ్రం చేయిస్తాను. తుప్పు పట్టింది."

"బాగానే వస్తోందిగా?"

"నువ్వు ఊది ఊది పెట్టావు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఊదితే మొత్తానికే పోతుంది."

అమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. "నేను పాడుచేశానా?"

ఏదో ఒకటి చెప్పాలిగా. ఔనన్నాను.

జూన్ 6

అమ్మ భోజనం కాగానే టీవీ ముందు కూర్చుంటోంది. టీవీ పెట్టదు. "వచ్చిందా?" అంటుంది. రాలేదంటాను. లేచి గిన్నెలు కడుగుతుంది.

జూన్ 11

గెలిచాం. తీసేశారు.

టానీ వచ్చి చెప్పింది. వీడియోలు కూడా పోతున్నాయట. సాయంత్రం నాకోసం ఒక బోగ్స్ బీరు తెరుచుకున్నాను. అమ్మకు సగం పోశాను, ఎందుకో చెప్పకుండా. "ఏమిటి విశేషం, సమ్మె గెలిచారా?" అంది. అలాంటిదే అన్నాను.

జూన్ 13

ట్రెంట్ ఫోన్.

"ఏం చేశావే నువ్వు?"

"చెయ్యాల్సింది."

"గిడ్డంగి మొత్తం మూయించేశారు. మొత్తం! ఇరవై ఏళ్ళ పని. గుడ్డివాళ్ళు ఆడుకోవడానికి ఒక ముసలాయన నక్క ఆటకు మాటలు జోడించాడు, అది పోయింది. పెరూలో ఎవరో వాళ్ళ భాషలోకి మార్చుకున్నారు, పోయింది. కెల్ పెట్టినవన్నీ పోయాయి. వీధి ఆట, దానికి ముందు చేసినవి, అన్నీ."

"నేనడిగింది ఒక్కటే."

"వాళ్ళకు దారి చూపించావు. ఒక్కదాని కోసం వచ్చారనుకున్నావా?"

"నీ దగ్గర కెల్ వీధి ఆట ఉంటుందిగా?"

అటునుంచి ఫ్రిజ్ మోటారు ఒకటి దడదడలాడటం వినిపించింది.

"దాని మీదే కదా నేను కట్టింది. దాన్నే మార్చుకుంటూ పోయాను, దాని మీదే భద్రం చేసుకుంటూ పోయాను. ముందుది వేరేగా ఎవడుంచుకుంటాడు? గిడ్డంగిలో ఉందిగా అనుకుంటాం. అందరం అదే అనుకుంటాం."

"మరి దయ్యం ఆట?"

నవ్వాడు. "దానికేం! నిషేధించారని తెలిశాక నిన్న ఒక్కరోజే పదింతలైంది. ముల్లూ దిగింది, ముల్లును తీసే ముల్లూ దిగింది, జాస్. నీ శీర్షికలో రాసుకో."

పర్వాలేదు. అమ్మ క్యాసెట్ ఉంది. మెల్‌బోర్న్‌లో ఉంది. పోల్చడం అయిపోయింది కనుక పంపించేస్తారు.

జూన్ 20

కంపెనీ నుంచి ఉత్తరం: "సంస్థ అనుమతి లేకుండా తయారైన వస్తువులను విధానం ప్రకారం తిరిగి ఇవ్వడం జరగదు. నాశనం చేయడం జరిగింది. మీ సహకారానికి ధన్యవాదాలు."

జూన్ 21

జరగదు. జరిగింది. ఎవరూ చెయ్యలేదు, జరిగింది. ఈ వాక్యనిర్మాణం మీద ఒక వ్యాసం రాయొచ్చు.

లాయరమ్మకు ఫోన్ చేశాను. ఆమె సెలవులో ఉందట.

జూన్ 22

పనికి వెళ్ళలేదు.

జూన్ 25

అమ్మ తన చేతిగుడ్డ ఒకటి చింపి, అంచులు కుట్టి, మడతపెట్టి ఆటపెట్టె మీద పెట్టింది. "వాడు చెప్పినట్టే ఇక తుడుస్తాను," అంది. "శుభ్రం చేస్తున్న నీ స్నేహితుడితో చెప్పు, మా అమ్మ మాటిచ్చిందని చెప్పు. ఇక ఊదదట అని చెప్పు."

జూన్ 26

అల్వర్‌స్టన్ వెళ్ళాను. ఈసారి రెండు పై రొట్టెలు కొన్నాను.

ట్రెంట్ తిననన్నాడు. తర్వాత తిన్నాడు. నేను చెప్పిందంతా విని, "క్యాసెట్‌ను నీ చేత్తో వాళ్ళకు పోస్టు చేశావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి తిట్టినట్టు అడగలేదు, జాలిపడ్డట్టు అడిగాడు. అది భరించలేకపోయాను.

"నీ దయ్యం ఆటలో వంటిల్లు ముట్టుకోలేదన్నావు."

"లేదు. అదే పొయ్యి, అదే టోపీ, అదే మూడు మాటలు."

"తలుపు మూసెయ్యగలవా?"

అర్థమైంది వాడికి. "గోడ కట్టేయొచ్చు. నక్క తలుపు దాకా వెళ్ళినా తెరుచుకోదు. పాట సరిచేస్తాను. ఒక క్యాసెట్‌కు ఎక్కిస్తాను." గోళ్ళు కొరుక్కున్నాడు. "ఇదే చివరిది, జాస్. వాళ్ళ లాయర్లు నాకు కాగితం పంపారు. ఇకపై ఆ ఆటను ముట్టుకోనని సంతకం చెయ్యాలి, లేకపోతే గరాజ్ కూడా మిగలదు. ఇది చేసిచ్చాక సంతకం పెట్టేస్తాను."

సరే అన్నాను. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందా? ఈ మొత్తానికి మూలం వాడే కదా?

జూలై 4

క్యాసెట్ వచ్చింది. అమ్మ పెట్టెలో పెట్టబోతూ, అలవాటుగా పెదాలు సున్నా చుట్టింది. ఆగిపోయింది. గుడ్డతో తుడిచింది.

వంటిల్లు వచ్చింది. టోపీ వచ్చింది. అమ్మ నక్కను నడిపించింది.

ఊదకమ్మా, తుడువు.

"తుడిచానురా," అంది అమ్మ టీవీతో. "మీ అక్కనడుగు."

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూలై 5

అంతా సర్దుకుంది. ఈ నెల శీర్షిక రాసి పంపాను, ఆశ్రమం షిఫ్టుల మీద. పదునుగా వచ్చింది.

జూలై 19

అమ్మ ఇప్పుడు అరగంట కాదు, టీ వేళ దాకా ఆడుతోంది. దాహం తీరని మనిషిలాగా. నొక్కుడు, నొక్కుడు. పోనీలే. ఇన్నాళ్ళు దూరం పెట్టింది నేనే కదా, అంటే పెట్టాల్సివచ్చింది.

జూలై 28

అమ్మ అంది: "వాడికి జలుబు చేసేలా ఉంది."

ఎవరికి అన్నాను.

"కెల్‌కి."

ఆశ్రమంలో ఇలాంటివి రోజూ చూస్తాను. మొదట ఒక మాట ఇలాగే తప్పుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రధానమంత్రి పేరు అడిగాను. చెప్పి, "వాడూ దొంగే" అని కూడా చేర్చింది. బుర్ర బాగానే ఉంది. మరి?

ఆగస్టు 3

అమ్మ రాత్రి భోజనానికి మూడో కంచం పెట్టలేదు, అలాంటిదేమీ లేదు. కానీ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుంటోంది. నేను గదిలోకి వస్తే టీవీ ఆపేస్తోంది.

ఆగస్టు 8

ఇవాళ షిఫ్టు రద్దయి తొందరగా వచ్చాను. హాల్లోకి నేను రావడం అమ్మ వినలేదు.

వంటింటి నేల మీద నీళ్ళున్నాయి. ఆటలో. బల్ల కాళ్ళు సగం దాకా మునిగాయి. పొయ్యి దగ్గర కెల్ ఉన్నాడు. టోపీ నల్లబడి తలకు అంటుకుపోయింది. ఒళ్ళంతా ఆకుపచ్చ, ఉబ్బిపోయింది. పెదవి లేదు. ఒక కన్ను ఉంది. చిన్న చిన్న చుక్కలతో ఇంత ఓపికగా చేశాడు ట్రెంట్. సముద్రంలోంచి అయిదో రోజున చేపల పడవవాళ్ళు తెచ్చినప్పుడు, ఆసుపత్రి గదిలో గుడ్డ తొలగించి నాకు చూపించినవాడు ఇలాగే ఉన్నాడు. నాతో పాటు ఆ గదిలోకి వచ్చింది ట్రెంట్ ఒక్కడే.

అమ్మ బటన్ నొక్కింది.

టీ పెట్టమంటావా?

నేను వెళ్ళి తీగ లాగేశాను. టీవీ చీకటైంది.

"పెట్టు," అంది అమ్మ.

"అమ్మా, అది కెల్ చేసింది కాదు. అది వేరే..."

"తెలుసు. కెటిల్ మూతి అటు తిరిగి ఉండేది, ఇందులో ఇటు తిరిగింది. మొదటిరోజే తెలుసు. పెట్టు."

"చూడొద్దమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది. "అప్పుడూ ఇదే మాటన్నావు. శవపెట్టె మూయించేశావు. చూడొద్దమ్మా, చూడొద్దమ్మా. నేను కన్నది నిన్నొక్కదాన్నేనా? ఎలా ఉన్నాడో నాకు తెలియకుండా పూడ్చిపెట్టారు. ఇప్పుడు చూస్తున్నా. పెట్టు."

పెట్టాను.

ఆట మొదటికి వస్తుందనుకున్నాను. రాలేదు. ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. ఇంకొంచెం నానాడు.

"రోజూ ఇంత తడుస్తున్నాడు పాపం," అంది అమ్మ. కంట్రోలర్‌ను నా చేతికిచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి. తువ్వాలు అందించాలంటే దీంట్లో ఏది నొక్కాలి?"

ఆగస్టు 9

ట్రెంట్‌కు ఫోన్ చేశాను. చెప్పాను.

చాలా చిన్న గొంతుతో, "నేను దాచింది కనిపెట్టిందా?" అన్నాడు. "మీ అమ్మ?"

"ఏమిటది?"

"వాడితో ఎన్నిసార్లు మాట్లాడామో ఆట లోపల లెక్క పెట్టుకుంటుంది. ఆపేసినా మర్చిపోదు. వేలసార్లు మాట్లాడితే గానీ వాడు తడవడం మొదలవదు. ఎవడు మాట్లాడతాడు అన్నిసార్లు? అవే మూడు మాటలకు! ఇంత మంది ఆడారు, ఒక్కడికీ దొరకలేదు." గొంతులో అది గర్వమా ఏడుపా నాకు తెలియలేదు. "తలుపుకు గోడ కట్టాను. దీన్ని తీసెయ్యడం గుర్తే రాలేదు. ఒట్టు, జాస్. తలుపు గురించే ఆలోచించాను."

"ఇప్పుడు తీసెయ్."

"సంతకం పెట్టేశానుగా."

"ఒక్కసారికి."

"సామానంతా వాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు. కంప్యూటర్, క్యాసెట్లు రాసే యంత్రం, అన్నీ. నువ్వు పిలిచినవాళ్ళే." ఆగాడు. "ఇంకా ఎంత దాకా వచ్చాడు? కన్ను ఉందా?"

"ఒకటి."

"ఇంకా ఉంది, జాస్. ఇంకా చాలా ఉంది. చివరి దాకా చేశాను."

"తువ్వాలు అందించే బటన్ లేదా?" అన్నాను. అడిగాకే విన్నాను నేనేం అడిగానో.

"ఎందుకుంటుంది?" అన్నాడు ట్రెంట్. "భయపెట్టే ఆట కదా."

ఆగస్టు 10

క్యాసెట్ దాచేద్దామని టీవీ కింద చూశాను. లేదు. అమ్మ గౌను జేబులో పెట్టుకుని తిరుగుతోంది. దానితోనే పడుకుంటోంది.

ఆగస్టు 12

తువ్వాలు బటన్ లేదని అమ్మకు చెప్పాను. చేయించడానికి ఎవరూ లేరని చెప్పాను. ఎందుకు లేరో చెప్పడం మొదలుపెట్టాను. కంపెనీలు, చట్టం, పేదవాడి పనికి విలువ కట్టేవాడెవడు, అసలు ఈ వ్యవస్థలో...

"సరేలే," అంది.

భోజనమయ్యాక క్యాసెట్‌ను గుడ్డతో తుడిచి పెట్టింది. రెండో కన్నూ లేదు ఇవాళ. అమ్మ బటన్ నొక్కింది.

ఊదకమ్మా, తుడువు.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తుడిచే గళ్ళ తువ్వాలు తెచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని టీవీ అద్దాన్ని, వాడి మొహం ఉన్నచోట, మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. నుదురు. చెంపలు. టోపీ అంచు కింద. ఒక చేత్తో తుడుస్తూ, రెండో చేత్తో బటన్ నొక్కుతూ.

శీర్షికకు గడువు రేపే. నేను ఇటు వచ్చేసి తలుపు వేసుకున్నాను.